కాటా చీటీల వెనుక

మిర్యాలగూడలో ఊక బూడిద
మా ఇంటి అద్దాల మీద కూడా వాలుతుంది.
మొదటి పటం దాని మీదే గీశాను, వేలితో:
జపాన్, ఇటలీ, స్పెయిన్.
మా పెద్దోడొచ్చి
స్పెయిన్‌లో ఒక గోల్‌పోస్టు నాటి పోయాడు.

తర్వాత కాగితం మీదికొచ్చాం.
మిల్లాఫీసులో కాగితమంటే కాటా చీటీలే.
ముందువైపు లారీ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు.
వెనకవైపు
క్యోటోలో నాలుగు రాత్రులు.

హైదరాబాదు నుంచి ట్రావెల్స్ నౌషీన్
మాట తేనెలో ముంచి తీస్తుంది.
"వెనిస్‌లో మీ కిటికీ తెరిస్తే కింద నీళ్లే మేడమ్."
స్పీకర్‌లో విన్న మామయ్య
"ఎడమ కాల్వకు ఇడిస్తే మన మిల్లెనక గూడ గంతేగదనే" అన్నాడు,
పేపరు తిప్పుతూ.

ఏడుగురం, పద్దెనిమిది రోజులు,
నలభై రెండు లక్షలు.
మా ఆయనకు లక్షలు ఎక్కవు, లారీల్లో చెప్పాలి.
ఏడు లారీల వడ్లు.
తలకో లారీ.
"టోక్యో హోటల్ తగ్గిస్తే ఒక లారీ మిగుల్తది."
"అట్లయితే ఆ లారీతో మీరే మిగలండి" అన్నాను.
రెండు రోజులు మా మధ్య
ఉప్పందుకోవడమే తప్ప మాటల్లేవు.

అసలు పేచీ తిండి దగ్గర.
మేం ఉల్లి తింటాం, వెల్లుల్లి తింటాం,
కేకులో గుడ్డుంటే కళ్ళు మూసుకుంటాం.
అక్కడి చారులో చేపపొడి ఉంటుందట, కనపడకుండా.
"కనపడనిది లేనట్టే" అన్నాడు మరిది.
కుక్కరు పెట్టెలోకెక్కింది. పల్లీల పొడి, చింతకాయ తొక్కు,
విరుగుతాయని తెలిసీ సర్వప్పలు.
"ఆ హోటల్లో బల్ల దొరకడానికే మూడు నెలలు పట్టింది,
తొక్కు సీసా మాత్రం పైన పెట్టకండి మేడమ్."
"కింద పెట్టుకుంటం" అన్నాడు మామయ్య.

అప్పటిదాకా మా అత్తమ్మ తులశమ్మ
ఒక్క మాటా అనలేదు.
చీటీలన్నీ వరసగా తిరగేసి
"ఆ దిక్కు వడ్లు పండిస్తరా?" అని అడిగింది.

ఫోన్‌లో వెతికాను.
వలెన్సియా పక్కన, మడుగు చుట్టూ.
మిలాన్ నుంచి గంట దూరంలో, వెర్చెల్లీలో.
జపాన్‌లో అయితే రైలు కిటికీ నిండా.

మామయ్య ఊళ్ళో లేని రోజుల్లో
రైతులు ఆమె ముందు దోసిలి విప్పేవాళ్ళు.
ఒక్క గింజ తీసి, ముందుపళ్ళతో టక్కున కొరికి
"ఇంక రెండెండలు గావాలె" అనేది.
ఆ రెండెండలకు ఎవరూ ఎదురు చెప్పలేదు.
తేమ మిషనొచ్చింది.
అది పదిహేడంటే పదిహేడు.
ఆమె పళ్ళను ఎవరూ అడగడం లేదు.

"మీరు గుళ్లు జూడుండ్రి, గోపురాలు జూడుండ్రి.
నేనొక్కొక్క గింజ కొరికి చూస్త, సాలు."

వెనిస్ మీద ఒక రాత్రి కొట్టేశాను.
"వెర్చెల్లీలో లగ్జరీ ఏం లేదు మేడమ్" అంది నౌషీన్,
తేనె కాస్త పలచబడ్డ గొంతుతో.
పొట్టు పడుతున్న మిల్లొకటి చూపిస్తే చాలన్నాను.
వీసా ఫారంలో ప్రయాణ కారణానికి
ఇచ్చిన గడి చాలా చిన్నది.
విహారం, అని రాశాను.

నిన్న పెట్టెలు తూకానికి తెచ్చాం, మా కాటాకే.
ముప్పై రెండు కిలోల దాకా మోయిస్తారట విమానంలో.
హమాలీ లచ్చిరాం ఒక్కచేత్తో ఎత్తి పెట్టాడు,
ముల్లు ఊగి ఆగేదాకా పక్కనే నిలబడ్డాడు.
"ఆ దేశంల బస్తా ఎన్ని కిలోలుంటదో
జర అడిగి రాండ్రమ్మా."

అడుగుతానన్నాను.
మరిచిపోకుండా చీటీ మీద రాసుకున్నాను,
క్యోటో కింద, వెర్చెల్లీ కింద, అన్నిటికన్నా కింద.
ఆరిందో లేదోనని తిప్పి చూస్తే
ముందువైపు
పొద్దున అతను దించిన లారీ.